నేర్చుకోకముందే సొంత విమానం కొనవచ్చునా? సెస్నా 152 విషయంలో సలహా కోరుతున్నాను

గుణుపురం మిల్లర్ (రాయగడ జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. వంశధార ఒడ్డున గుణుపురంలో మాకు ధాన్యం మిల్లు ఉంది. రెండేళ్ల కిందట జయపురం నుంచి విశాఖపట్నానికి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్‌లో వెళ్లినప్పుడు నాకు పైలట్ల వెనక సీటు దొరికింది. ఆ విమానంలో కాక్‌పిట్‌కు తలుపు ఉండదు కాబట్టి, కొండలు దాటి సముద్రం కనిపించేదాకా వాళ్ల చేతులనే చూస్తూ కూర్చున్నాను. విమానం నడపడం నేర్చుకోవాలన్న కోరిక ఆ రోజు నుంచి నన్ను వదలలేదు.

ఇప్పుడు ఒక మధ్యవర్తి ద్వారా 1979లో తయారైన, రెండు సీట్ల చిన్న శిక్షణ విమానం సెస్నా 152 అమ్మకానికి ఉందని తెలిసింది. మిల్లు వెనక రెండెకరాలు అమ్మిన సొమ్ము చేతిలో ఉంది. శిక్షణ సంస్థకు గంటల లెక్కన అద్దె కడితే ఆ డబ్బు తిరిగి రాదు. అదే సొంత విమానంలో నేర్చుకుంటే శిక్షణ పూర్తయ్యాక కూడా విమానం నాదిగా మిగులుతుంది, మిల్లు పని లేనప్పుడల్లా ఎగరవచ్చు, మొదటి రోజు నుంచి ఒకే యంత్రానికి చెయ్యి అలవాటు పడుతుంది అని నా ఆలోచన. 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన లిండ్‌బర్గ్ కూడా ఒంటరిగా ఒక్కసారైనా ఎగరకముందే, 1923లో, 500 డాలర్లు పెట్టి జెన్నీ అనే పాత సైనిక శిక్షణ విమానం కొన్నాడని చదివాను. పదిహేను రోజుల్లో బయానా ఇవ్వాలి. అనుభవం ఉన్నవారు నిర్మొహమాటంగా చెప్పండి.

కొండగాలి (కొరాపుట్)

మిల్లర్ గారూ, కొనండి అనే నేను చెబుతాను. మా బావమరిది అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. ఒక్క పాఠమైనా మొదలుపెట్టకముందే పాత నాలుగు సీట్ల విమానం కొన్నాడు. శిక్షకుడిని పెట్టుకుని, ఉద్యోగానికి వెళ్లే ముందు తెల్లవారుజామున ఎగిరి, తొమ్మిది నెలల్లో లైసెన్సు తెచ్చుకున్నాడు. క్లబ్బు విమానమైతే ఎవరో ముందే రాయించుకుని ఉంటారు, లేదా మరమ్మతులో ఉంటుంది. రెండు పాఠాల మధ్య మూడు వారాల ఎడం వస్తే నేర్చుకున్నది సగం పోతుంది. సొంత విమానం ఉన్నవాడికి ఆ బాధ ఉండదు. ఇంట్లో హార్మోనియం ఉన్న పిల్లవాడికీ వారానికొకసారి మాస్టారింటికి వెళ్లి వాయించే పిల్లవాడికీ ఉన్నంత తేడా ఇది.

నాగావళి (పుట్టింది రాయగడ, శిక్షకురాలిని)

కొండగాలి గారు చెప్పింది అమెరికాకు సంబంధించినంతవరకు నిజమే. అక్కడ లైసెన్సున్న శిక్షకుడు విద్యార్థి సొంత విమానంలోనే పాఠం చెప్పవచ్చు. కనీసం 40 గంటలు, అందులో 20 గంటలు శిక్షకుడితో, 10 గంటలు ఒంటరిగా ఎగిరితే చాలు. విమానం శిక్షకుడు తెచ్చినదైతే ప్రతి 100 గంటలకు తనిఖీ చేయించాలి గానీ, విద్యార్థి సొంతదైతే ఏడాదికొకసారి చేసే తనిఖీ సరిపోతుంది. అందుకే అక్కడ ముందే కొనడంలో ఒక లెక్క ఉంది.

మన దేశంలో శిక్షణ డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఆమోదించిన సంస్థలోనే, ఆ సంస్థ ఆమోదంలో చేరిన విమానాల మీదనే జరుగుతుంది. మీరు విమానం కొని తెరువళి రన్‌వే మీదనో, బరంపురం దగ్గరి రంగెయిలుండ రన్‌వే మీదనో నిలబెట్టి, తెలిసిన పైలట్‌ను పిలిపించి పాఠాలు చెప్పించుకుంటే ఆ గంటలు మీ లైసెన్సుకు లెక్కలోకి రావు. మీ విమానాన్ని ఏదైనా సంస్థకు ఒప్పందం మీద అప్పగించి వాళ్ల ఆమోదంలో చేర్పించాలి. అప్పుడు దాన్ని మిగతా విద్యార్థులూ నడుపుతారు, అంటే మీరు కోరుకున్న సౌకర్యం మీకే మిగలదు.

అన్నిటికన్నా ముందు మీరు చేయించుకోవలసింది రెండో తరగతి వైద్య పరీక్ష. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు అది తప్పనిసరి. అందులో కంటిచూపుతో పాటు రంగులు గుర్తించే శక్తినీ చూస్తారు. నలభై దాటిన తర్వాతనే తమకు ఒక రంగు సరిగా తెలియదన్న సంగతి మొదటిసారి తెలుసుకున్నవారిని నేను చూశాను. మీకు అలాంటిదేమీ ఉండకపోవచ్చు, కానీ రెండెకరాల సొమ్ము పెట్టే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.

పాత మెకానిక్ (బరంపురం)

నేను 31 ఏళ్లు చిన్న విమానాల నిర్వహణలో పనిచేసి విరమించాను. నిబంధనల సంగతి నాగావళి గారు చెప్పారు కనుక, నేను ఇంజన్ సంగతి చెబుతాను.

సెస్నా 152 మంచి విమానం. 1977 నుంచి 1985 వరకు తయారైంది. అందులో ఉండేది 110 అశ్వశక్తుల లైకమింగ్ ఓ-235 ఇంజన్. అది మొండిది, సరిగా చూసుకుంటే 2400 గంటల వరకు పూర్తి విప్పదీత అవసరం ఉండదని తయారీదారే చెబుతాడు. అయితే ఆ మాటతో పాటు ఇంకో మాట ఉంది, అమ్మేవారు దాన్ని చెప్పరు. గంటలు పూర్తికాకపోయినా పన్నెండేళ్లు గడిస్తే ఇంజన్‌ను విప్పి బాగుచేయాలని అదే తయారీదారు సలహా. కాబట్టి “ఇంజన్ 600 గంటలే తిరిగింది” అని మధ్యవర్తి గొప్పగా చెబితే సంతోషించకండి. ఆ 600 గంటలు ఎన్నేళ్లలో తిరిగాయో అడగండి. మూడేళ్లలో తిరిగితే అది ఆరోగ్యం. పద్దెనిమిదేళ్లలో తిరిగితే నేను దానికి దూరంగా ఉంటాను.

కారణం చెబుతాను. లైకమింగ్ ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్, అంటే సిలిండర్ల కవాటాలను తెరిపించే ఇరుసు, పైభాగంలో ఉంటుంది. ఇంజన్ ఆగిన తర్వాత దాని మీది నూనె క్రమంగా కిందికి జారిపోతుంది. బరంపురం, గుణుపురం లాంటి చోట వానాకాలంలో గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు, మీ మిల్లులో బియ్యం బస్తాల అడుగున చెయ్యి పెడితే తెలుస్తుంది. నూనె జారిపోయిన ఉక్కు మీద ఆ తేమ చేరి సన్నని తుప్పు పడుతుంది. తర్వాత ఇంజన్ నడిపినప్పుడు ఆ తుప్పు చుక్కలే ఆకురాయిలా పనిచేసి కామ్ అంచులను అరగదీస్తాయి. బయటికి ఏమీ కనిపించదు. పెయింటు కొత్తగా ఉంటుంది, సీట్లకు కొత్త తోలు ఉంటుంది, ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంటుంది. ఆరు నెలల తర్వాత నూనె వడపోతను కోసి విప్పితే మడతల మధ్య ఇనుప రజను మెరుస్తుంది.

విమానం నేర్చుకోకముందు కొన్నవాళ్ల విమానాలకు పట్టే జబ్బు ఇదే. వైద్య పరీక్ష, పరీక్షలు, అనుమతులు, శిక్షణ అన్నీ అయ్యేలోగా ఏడాదో రెండేళ్లో గడుస్తాయి. ఆ కాలమంతా విమానం నిలబడే ఉంటుంది.

గుణుపురం మిల్లర్

పాత మెకానిక్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒక సందేహం. మా మిల్లులో వాడకం లేని డీజిల్ జనరేటర్‌ను వారానికొకసారి పది నిమిషాలు నడిపిస్తాం. ఒక మనిషిని పెట్టి విమానం ఇంజన్‌ను కూడా అలా నేల మీదే నడిపిస్తే తుప్పు పట్టకుండా ఉంటుంది కదా?

పాత మెకానిక్

మంచి ప్రశ్న, చాలామంది అలాగే చేస్తారు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత నూనెలో కలుస్తుంది. ఆ నీరు ఆవిరై పోవాలంటే నూనె బాగా వేడెక్కి చాలాసేపు ఆ వేడిలోనే ఉండాలి. అది గాలిలో అరగంటకు పైగా ఎగిరినప్పుడే జరుగుతుంది. నేల మీద పది నిమిషాలు నడిపితే నీరు పుడుతుంది గానీ పోదు. పైగా ఈ ఇంజన్ గాలితో చల్లబడేది కనుక, విమానం కదలకుండా ఎక్కువసేపు నడిపితే సిలిండర్లు ఒకవైపు మితిమీరి వేడెక్కుతాయి.

ఇంధనం సంగతి కూడా వినండి. సగం నింపి వదిలేసిన ట్యాంకులో రాత్రి చల్లదనానికి లోపలి గోడల మీద నీటి బొట్లు పడతాయి. అందుకే ఎగిరే ముందు ట్యాంకు అడుగున ఉన్న చిన్న మీట నొక్కి గాజు గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి వెలుతురులో చూస్తాం. ఏవ్‌గ్యాస్, అంటే ఇలాంటి చిన్న విమానాలు వాడే పెట్రోలు, లేత నీలం రంగులో ఉంటుంది. నీరుంటే అడుగున రంగు లేని ముత్యంలా నిలుస్తుంది. మీరు ఎక్కిన కారవాన్‌ది టర్బైన్ ఇంజన్, అది కిరసనాయిలు జాతి ఇంధనం వాడుతుంది. అది మీ 152కు పనికిరాదు, పొరపాటున పోస్తే ప్రాణాపాయం. ఏవ్‌గ్యాస్ 2022 వరకు మన దేశానికి దిగుమతే అయ్యేది, ఆ ఏడాది ఇండియన్ ఆయిల్ వడోదర దగ్గరి గుజరాత్ రిఫైనరీలో తయారీ మొదలుపెట్టింది. అయినా పీపాలు మన కొండల దాకా తెప్పించుకుని నిల్వ చేసుకోవడం వేరే పని, దానికి వేరే అనుమతులు కావాలి.

ఇక తుపాను. 152 పరుగు తీసేటప్పుడు 50 నాట్ల దగ్గర, అంటే గంటకు సుమారు 93 కిలోమీటర్ల వేగం దగ్గర, ముక్కు పైకెత్తుతాం. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ గాలులు దాదాపు దానికి రెండింతలు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ పక్క జిల్లా గజపతిని ఎలా చేసిందో మీరు చూశారు. ఆరుబయట తాళ్లతో కట్టిన చిన్న విమానం ఆ గాలికి కట్టుకొయ్యలతో సహా ఎగురుతుంది. గట్టి షెడ్డు లేకుండా మన తీర జిల్లాల్లో విమానం ఉంచుకోవాలనుకోవడం పొరపాటు.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

నా అనుభవం చెప్పడం నా బాధ్యత అనిపించి రాస్తున్నాను. తొమ్మిదేళ్ల కిందట నేనూ, కరీంనగర్ వైపు ఉండే ముగ్గురు మిత్రులూ కలిసి రెండు సీట్ల పాత విమానం కొన్నాం. అప్పటికి మా నలుగురిలో ఎవరికీ లైసెన్సు లేదు. నేర్చుకోవడానికి గోందియా దగ్గరి బిర్సీకి వెళ్దామా, హైదరాబాద్ వెళ్దామా అన్న చర్చలోనే మొదటి వానాకాలం గడిచిపోయింది.

మాకు అమ్మిన మధ్యవర్తి “కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి” అన్నాడు. కాగితాలు ఉన్నమాట నిజమే. భారతీయ విమానాలకు ఇచ్చే వీటీ అక్షరాలతో రిజిస్ట్రేషను పత్రం ఉంది, ఎగరడానికి యోగ్యమైనదన్న పత్రం ఉంది. కానీ ఆ యోగ్యత ఎప్పటికప్పుడు సమీక్ష చేయించి కొనసాగించుకోవలసినదనీ, దాని గడువు మేము డబ్బు ఇచ్చేనాటికే తీరిపోయిందనీ మాకు చదవడం రాలేదు. విమానయాన అధికారులు తర్వాత విధించిన తప్పనిసరి మార్పుల్లో రెండు చేయించనే లేదు. గడువు తీరిన విమానాన్ని బాగుచేయించడానికి వేరే చోటికి తీసుకువెళ్లాలంటే ప్రత్యేక అనుమతి లేకుండా ఎగరకూడదు, రోడ్డు మీద తేవాలంటే రెక్కలు ఊడదీయాలి. రెక్కలు ఊడదీశాం. తిరిగి బిగించిన రోజు నేను అక్కడ లేను. నాకు తెలిసినంతవరకు అది మళ్లీ ఎగరలేదు.

మా నలుగురిలో ఒక్కడే, తర్వాత తన ఖర్చుతో అద్దె విమానంలో నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నాడు. అతడు పాసైన తర్వాత చెప్పిన మాట ఇది: “ఇప్పుడైతే ఆ విమానం చుట్టూ ఒక్కసారి తిరిగి చూసి వద్దనేవాణ్ణి.” మాకు అప్పుడు లేనిది ఆ చూపే. రెక్క కింద చెయ్యి పెట్టి ఎక్కడ నొక్కాలో, ఏ రివెట్టు చుట్టూ నల్లటి గీత ఉంటే అది వదులైందని అర్థమో, ముక్కు చక్రం వెనక గోడ రేకు ముడతపడి ఉంటే ఎవరో గట్టిగా దింపారని ఎలా తెలుసుకోవాలో, నేర్చుకునే రోజుల్లో ప్రతి ఉదయం విమానం చుట్టూ తిరిగితేనే అబ్బుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నేను లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను, విమానం నడపడం నాకు తెలియదు. మిల్లర్ గారి మొదటి వాదనను మాత్రమే పరిశీలిస్తాను: అద్దె పోయే డబ్బు, విమానం మిగిలే డబ్బు అన్నది. విమానం ఒక్క గంట కూడా ఎగరకపోయినా షెడ్డు అద్దె, బీమా, ఏడాది తనిఖీ, అది చేసే లైసెన్సున్న ఇంజనీరు రాకపోకల ఖర్చు తప్పవు. ఎగిరిన ప్రతి గంటకూ ఇంధనం, నూనె, ఇంజన్ విప్పదీతకు పక్కన పెట్టవలసిన వాటా వేరు. అద్దెకు తీసుకున్నవాడు ఈ రెండో భాగంతో పాటు మొదటి భాగంలో తన వంతే కడతాడు. ఏడాదికి 40 గంటలు ఎగిరేవాడికీ 200 గంటలు ఎగిరేవాడికీ మొదటి భాగం ఒక్కటే గనుక, తక్కువ ఎగిరేవాడికి సొంత విమానం ఎప్పుడూ ఖరీదే. బీమా సంస్థలు కూడా నడిపేవాడి గంటలు చూసి ధర చెబుతాయి. సున్నా గంటల యజమానికి ఏం చెబుతారో బయానాకు ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇంకొక మాట. మన ఒడిశా వాళ్లం విమానం అనగానే బిజూ పట్నాయక్ గారిని తలచుకుంటాం. 1947లో డకోటా విమానంలో జావా వెళ్లి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్‌రీర్‌ను తీసుకొచ్చిన మనిషి ఆయన. ఆయన డకోటా ఒకదాన్ని 2023లో కోల్‌కతా నుంచి భువనేశ్వర్ తెచ్చి పెట్టారు. ఆయన కూడా ముందు పైలట్ అయ్యారు, వైమానిక దళంలో పనిచేశారు, కళింగ ఎయిర్‌లైన్స్ పేరుతో విమానాలు సమకూర్చుకున్నది ఆ తర్వాతే.

కొండగాలి

అందరూ భయపెడుతున్నట్టుంది. లిండ్‌బర్గ్ ఉదాహరణకు ఎవరూ జవాబు చెప్పలేదు. కోరిక వేడిగా ఉన్నప్పుడు కొనకపోతే మనిషి ఎప్పటికీ మొదలుపెట్టడు, ఇది నేను మా ఊళ్లో చాలామందిలో చూశాను. చేతిలో విమానం ఉంటే నేర్చుకోక తప్పదు.

నాగావళి

మీ చివరి మాటలో నిజం ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే లిండ్‌బర్గ్ జెన్నీ కొనేనాటికే శిక్షకుడితో సుమారు ఎనిమిది గంటలు ఎగిరి ఉన్నాడు. అయినా తన విమానాన్ని మొదటిసారి లేపబోయినప్పుడు కొన్ని అడుగులు లేచి, ఒక చక్రం మీద ఒరిగి దిగాడు. అది చూసి అక్కడున్న మరో పైలట్ పక్కన కూర్చుని కాసేపు అలవాటు చేయించాడు. ఆ తర్వాతే అతడు ఒంటరిగా ఎగిరాడు.

మిల్లర్ గారూ, మీరు ఎవరెవరిని ఎక్కించుకుని ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో ఇంతవరకు రాయలేదు. 152 పూర్తి బరువు 757 కిలోలు మించకూడదు. ఖాళీ బరువు పోగా సుమారు 250 కిలోలు మిగులుతాయి. ట్యాంకులు నింపితే 67 కిలోలు పోతాయి. ఇద్దరు మనుషులకు మిగిలేది 180 కిలోలు. మీరూ మీ శ్రీమతిగారూ కూర్చుంటే పిల్లలకు చోటు లేదు. నాలుగు సీట్ల సెస్నా 172లో కూడా ట్యాంకులు నిండా ఉంటే నలుగురు పెద్దవాళ్లు సామానుతో కూర్చోలేరు.

జయపురం రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 2000 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో అక్కడ 38 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం గాలి ఎంత పలచబడుతుందంటే, విమానానికి అది 5000 అడుగుల పైన ఉన్నట్టే. 152 సముద్ర తీరంలో చల్లని ఉదయం నిమిషానికి 715 అడుగులు పైకెక్కుతుంది. ఆ మధ్యాహ్నం జయపురంలో, చుట్టూ కొండలు పెట్టుకుని, అది ఎంత నెమ్మదిగా ఎక్కుతుందో చూసిన తర్వాత చాలామంది ఇంకాస్త పెద్ద ఇంజన్ కావాలంటారు. మీకు ఏ విమానం కావాలో మీ శిక్షణ గంటల చివర మీకే తెలుస్తుంది. ఇప్పుడు కొంటే అది మధ్యవర్తికి అమ్ముడుపోవలసిన విమానమే తప్ప మీకు కావలసినది కాకపోవచ్చు.

గుణుపురం మిల్లర్

ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించండి. పాత మెకానిక్ గారు పెద్ద మనసుతో నాతో పాటు వచ్చి విమానం చూశారు. అది ఉన్న చోటూ, అమ్మేవారి పేరూ రాయను.

మొదట విమానం దగ్గరికి వెళ్లకుండా ఆయన లాగ్‌బుక్కులు అడిగారు. విమానానికి ఒకటి, ఇంజన్‌కు ఒకటి, ప్రొపెల్లర్‌కు ఒకటి ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఇంజన్ పుస్తకంలో ఒక పేజీ మీద వేలు పెట్టి నాకు చూపించారు. పై వరుసకూ కింది వరుసకూ మధ్య 26 నెలలు, తిరిగిన గంటలు మూడు. సిరా రంగు కూడా మారలేదు, రెండు వరుసలూ ఒకే రోజు ఒకే కలంతో రాసినట్టున్నాయి. తర్వాత గాలి వేగం కొలిచే గొట్టం మూతి మీద టార్చి వేశారు. లోపల కందిరీగ మట్టిగూడు గట్టిపడి ఉంది. నేర్చుకోని మనిషినైన నేను ఆ గొట్టం ఏమిటో కూడా అడిగి తెలుసుకోవలసి వచ్చింది. అది మూసుకుపోతే వేగం తప్పుగా చూపిస్తుందని ఆయన చెప్పారు.

ఒక సిలిండర్ విప్పి కామ్‌షాఫ్ట్ చూడనిస్తే ఖర్చు నేనే భరిస్తానన్నాను. అమ్మేవారు ఒప్పుకోలేదు. నేను బయానా ఇవ్వలేదు. మధ్యవర్తి మర్నాడు ఫోన్ చేసి ధర తగ్గిస్తానన్నాడు, వద్దన్నాను. నిజం చెప్పాలంటే తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా బాధగానే ఉంది, ఎందుకంటే తలుపు తీసి సీటులో కూర్చున్న ఆ ఐదు నిమిషాలూ అది నాదే అనిపించింది.

రెండో తరగతి వైద్య పరీక్షకు వచ్చే నెల తేదీ తీసుకున్నాను. ఇప్పుడు నా ఇబ్బంది వేరు. మిల్లుకు పని తక్కువగా ఉండేది జూలై నుంచి అక్టోబరు వరకు, అది వానాకాలం. ధాన్యం వచ్చేది డిసెంబరులో. శిక్షణకు ధెంకనాల్ జిల్లా బిరసాల్ వెళ్దామనుకుంటున్నాను. వానల్లో వెళ్తే ఎగరగలనా?

నాగావళి

వానాకాలంలో వెళ్తే మబ్బు దిగి ఉన్న రోజులు కూర్చునే గడపాలి. ఆ నాలుగు నెలలూ ఇంటి దగ్గరే వాయు నిబంధనలు, నావిగేషన్, వాతావరణ శాస్త్రం చదివి పరీక్షలు ముగించండి, రేడియో లైసెన్సుకు సాధన చేయండి. జనవరి, ఫిబ్రవరి నెలల ఉదయాలు నేర్చుకునేవారికి ఉత్తమం, గాలి నిలకడగా ఉంటుంది, మంచు విడిచిన తర్వాత దూరం బాగా కనిపిస్తుంది. రోజూ ఒక గంట చొప్పున ఎగిరే వీలు చూసుకోండి. ఆ రెండు నెలలు మిల్లు చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?

గుణుపురం మిల్లర్

తమ్ముడు ఉన్నాడు. ఈ రాత్రి అడుగుతాను.